మాడ్ చేసిన గేమ్ కన్సోల్‌ని అఫీషియల్ అప్‌డేట్ చెరిపేయకుండా కాపాడుకోవడం ఎలా

నా ప్లేస్టేషన్ 3లో హార్డ్ డిస్క్ పాడైతే సికింద్రాబాద్‌లో ఒక రిపేరు షాపులో ఇచ్చాను. సాయంత్రానికి ఫోన్ వచ్చింది. తీసుకోవడానికి వెళ్తే కౌంటర్ దగ్గర అబ్బాయి చాలా సంతోషంగా, "అన్నా, కొత్త డిస్క్ వేశాను, లేటెస్ట్ సాఫ్ట్‌వేర్ కూడా కొట్టేశాను, దానికి డబ్బులొద్దు" అన్నాడు. ఇంటికొచ్చి ఆన్ చేసి చూస్తే నేను రెండేళ్ళుగా పెట్టుకున్న కస్టమ్ ఫర్మ్‌వేర్ (కంపెనీది కాకుండా బయటివాళ్ళు మార్చి తయారు చేసిన సిస్టమ్ సాఫ్ట్‌వేర్) లేదు. దాని చోట మెరిసిపోతున్న అఫీషియల్ వెర్షన్ ఉంది. ఆ అబ్బాయి తప్పేం లేదు, మంచి చేద్దామనే చేశాడు. నేనే చెప్పలేదు. అదృష్టం కొద్దీ నాది వెనక్కి తెచ్చుకోగలిగిన మోడల్. అయినా మళ్ళీ పాత స్థితికి తెచ్చేసరికి మూడు వారాలు పట్టింది.

అంతకు ముందు నేను చాలా జాగ్రత్తగానే ఉన్నాననుకున్నాను. వైఫై ఆపేశాను, ఇంకేం వస్తుందిలే అనుకున్నాను. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అప్‌డేట్‌కి నెట్ ఒక్కటే దారి కాదు. డిస్క్ నుంచి వస్తుంది, ఎప్పుడో డౌన్‌లోడ్ అయి లోపల కూర్చున్న ఫైల్ నుంచి వస్తుంది, ఇంట్లో పిల్లల వేలి నుంచి వస్తుంది, రిపేరు షాపు పెన్‌డ్రైవ్ నుంచి వస్తుంది. అన్ని దారులూ మూస్తేనే మూసినట్టు. ఎలా మూయాలో నేను చేసిన వరసలోనే చెప్తాను.

ఇంత తాపత్రయం ఎందుకని అడిగేవాళ్ళకి నా కారణం ఒకటి చెప్పాలి. హైదరాబాద్ ఎండాకాలంలో, పైఅంతస్తు గదిలో, మధ్యాహ్నం రెండింటికి పీఎస్3 ఆన్ చేసి చూడండి. కంపెనీ పెట్టిన లెక్కలో ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతుంది, చిప్ బాగా వేడెక్కాక గానీ వేగం పెంచదు. కస్టమ్ ఫర్మ్‌వేర్ మీద వెబ్‌మ్యాన్ మాడ్ అనే ప్లగిన్ పెడితే రెండు చిప్‌ల ఉష్ణోగ్రతా తెర మీద కనిపిస్తుంది, ఇంత డిగ్రీలు దాటకూడదని మనమే చెప్పొచ్చు. నేను 68 దగ్గర పెట్టాను. 2006లో వచ్చిన మెషీన్ ఇంకా బతికుందంటే ఆ ఫ్యాన్ సెట్టింగే కారణమని నేను గట్టిగా నమ్ముతాను. అప్‌డేట్ పడితే ముందు పోయేది అదే. కంపెనీ అప్‌డేట్‌లు ఇచ్చినవాటిని వెనక్కి తీసుకున్న సందర్భమూ ఉంది. 2010 ఏప్రిల్ 1న వచ్చిన 3.21 అప్‌డేట్ పీఎస్3లో లైనక్స్ పెట్టుకునే సదుపాయాన్నే తీసేసింది. డబ్బు పెట్టి కొన్న వస్తువులో ఉన్న ఫీచర్ తర్వాత మాయమవడం ఏమిటని అమెరికాలో జనం కోర్టుకి వెళ్ళారు.

ఒక మాట ఇక్కడే. ఇది సొంత మెషీన్‌ని, సొంతంగా కొన్న ఆటల్ని కాపాడుకోవడం గురించి. మన కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన 65ఏ సెక్షన్ ప్రకారం, హక్కులు ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక రక్షణని తప్పిస్తే రెండేళ్ళ దాకా జైలు, జరిమానా ఉన్నాయి. పైరసీ ఆటల కోసం చదువుతున్నవాళ్ళకి నేను సాయం చేయలేను.

మొదట: మీ మాడ్ ఎక్కడ ఉందో తెలుసుకోండి

"జైల్‌బ్రేక్ చేయించాను" అన్న ఒక్క మాట కింద మూడు వేర్వేరు సంగతులు ఉంటాయి. మీది ఏదో తెలియకపోతే మిగతా పని గుడ్డిగా చేసినట్టే.

మొదటి రకంలో మాడ్ మెషీన్ లోపలి ఫ్లాష్ మెమరీలోనే రాసి ఉంటుంది. పీఎస్3 కస్టమ్ ఫర్మ్‌వేర్ ఇలాంటిది. ఆన్ చేయగానే అదే లేస్తుంది. అఫీషియల్ అప్‌డేట్ పడితే దాన్ని నేరుగా చెరిపేసి ఆ చోట కూర్చుంటుంది. పీఎస్3లో పాత ఫ్యాట్ మోడళ్ళు, స్లిమ్‌లో 2000 నుంచి 2500 సిరీస్‌లో చాలావరకు దీనికి పనికొస్తాయి. వెనక స్టిక్కర్ మీద సీఈసీహెచ్ అన్న అక్షరాల పక్కన ఉన్న నంబర్ చూడండి. 3000 సిరీస్ స్లిమ్, 4000 సిరీస్ సూపర్ స్లిమ్ అయితే మామూలు పద్ధతిలో కస్టమ్ ఫర్మ్‌వేర్ ఎక్కదు, వాటికి హెన్ అనేది మాత్రమే.

రెండో రకం హెన్, పీఎస్4లో గోల్డ్‌హెన్ లాంటివి. ఇవి కింద ఉన్న వెర్షన్‌లోని ఒక లోపాన్ని వాడుకుని, ఆన్ చేసిన ప్రతిసారీ మళ్ళీ లేపుకోవాల్సినవి. ఇక్కడ అప్‌డేట్ చెరిపేది మాడ్‌ని కాదు, మాడ్ దూరడానికి ఉన్న సందుని. ఫలితం ఒకటే అయినా పరిణామం ఇంకా కఠినం. పీఎస్4 మామూలు దారిలో పాత వెర్షన్‌కి వెనక్కి రాదు. 9.00లో ఉన్న మెషీన్ పొరపాటున ఇవాళ్టి వెర్షన్‌కి వెళ్ళిపోతే, దానికి కొత్త లోపం ఎవరైనా కనిపెట్టేదాకా ఎదురుచూడడమే.

మూడో రకం నింటెండో స్విచ్. అట్మాస్‌ఫియర్ అనే కస్టమ్ ఫర్మ్‌వేర్ ఉండేది మెమరీ కార్డులో. 2018లో బయటపడిన లోపం ఉన్న తొలి స్విచ్‌లలో ఆ సందు చిప్‌లోని మారని భాగంలోనే ఉంది, ఏ అప్‌డేటూ దాన్ని పూడ్చలేదు. కాబట్టి స్విచ్‌లో భయం వేరే. కింది సిస్టమ్ కొత్త వెర్షన్‌కి వెళ్ళిపోయి, మీ కార్డులోని అట్మాస్‌ఫియర్ పాతదిగా ఉండిపోతే అది లేవదు. దానికి సరిపోయే కొత్త అట్మాస్‌ఫియర్ వచ్చేదాకా నల్ల తెరే.

ఇవేవీ కాక, భయపడనక్కర్లేని మెషీన్లూ ఉన్నాయి. నింటెండో 3డీఎస్‌లో లూమా అనే కస్టమ్ ఫర్మ్‌వేర్ పెట్టుకున్నవాళ్ళు నిశ్చింతగా ఉండొచ్చు. మాడ్ ఉన్న ఆ భాగంలో అప్‌డేట్ రాయబోతే లూమాయే అడ్డుకుంటుంది. పీఎస్‌పీలో 2015లో వచ్చిన 6.61 మీదే కస్టమ్ ఫర్మ్‌వేర్ బాగా నడుస్తుంది కాబట్టి దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు.

బ్యాకప్, అదీ కరెంటు చూసుకుని

తలుపులు మూసే ముందు లోపల ఉన్నదాన్ని కాపీ తీసి పెట్టుకోండి. పీఎస్3లో చాలా మోడళ్ళకి ఫ్లాష్ డంప్ (ఫ్లాష్ మెమరీ మొత్తానికి కాపీ) సరిగ్గా 16 ఎంబీ, అంటే 1,67,77,216 బైట్లు. మొదట్లో వచ్చిన ఫ్యాట్ మోడళ్ళలో ఫ్లాష్ 256 ఎంబీ, కానీ కన్సోల్ మీదే తీసిన డంప్ 239 ఎంబీ వస్తుంది. ఒక్క బైటు తేడా ఉన్నా ఆ కాపీ పనికిరాదు. రెండుసార్లు డంప్ తీసి, ల్యాప్‌టాప్‌లో రెంటి ఎండీ5 కోడ్ (ఫైల్‌కి వేలిముద్ర లాంటిది) పోల్చి, ఒకటే వస్తేనే నమ్మండి. ఈ డంప్‌లో మీ మెషీన్ ఒక్కదానికే చెందిన కీలు ఉంటాయి. పక్కింటివాళ్ళ పీఎస్3 డంప్ మీకు పనికిరాదు, మీది వాళ్ళకి పనికిరాదు. ఒక కాపీ ల్యాప్‌టాప్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి మెయిల్‌కో డ్రైవ్‌కో పంపి పెట్టుకోండి. 16 ఎంబీకి ఎక్కడైనా చోటు దొరుకుతుంది.

స్విచ్‌కి హెకాటేలో, అంటే ఆన్ చేసేటప్పుడు అట్మాస్‌ఫియర్‌ని లేపే టూల్‌లో, బ్యాకప్ మెనూ ఉంది. లోపలి మెమరీ మామూలు మోడల్లో 32 జీబీ, ఓలెడ్ మోడల్లో 64 జీబీ. అంతా ఒకే ముద్దగా కాకుండా ముక్కలుగా రావచ్చు, అలా వస్తే ఒక్క ముక్క కూడా పోకూడదు. బూట్0, బూట్1 అనే చిన్న భాగాలకు వేరే బటన్ ఉంటుంది. చాలామంది పెద్దది తీసుకుని ఈ రెండూ వదిలేస్తారు. ఆ రెండూ లేకుండా పెద్దదాన్ని తిరిగి ఎక్కించినా మెషీన్ లేవకపోవచ్చు.

డంప్ తీయడం చదవడమే కాబట్టి కరెంటు పోయినా నష్టం లేదు. రాయడం అలా కాదు. ఫ్లాష్‌లో రాస్తుండగా కరెంటు పోతే మెషీన్ డెడ్. మే నెలలో గాలిదుమారం మొదలైన సాయంత్రం ఫర్మ్‌వేర్ జోలికి వెళ్ళకండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనకో ముందో ఉండే చిన్న స్విచ్ చూడండి. యూపీఎస్ మోడ్‌లో పెడితే కరెంటు పోయిన క్షణంలోనే మారుతుంది. మామూలు మోడ్‌లో మారేటప్పుడు వచ్చే చిన్న ఖాళీకి ఫ్యాన్ ఆగదు కానీ కన్సోల్ ఆగిపోవచ్చు.

నెట్ తలుపు

కన్సోల్ సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ అప్‌డేట్, ఆటోమేటిక్ డౌన్‌లోడ్ అన్నవి ముందు ఆపండి. పీఎస్4లో సెట్టింగ్స్, సిస్టమ్, ఆటోమేటిక్ డౌన్‌లోడ్స్‌లోకి వెళ్ళి సిస్టమ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఫైల్స్ దగ్గరున్న టిక్కు తీసేయాలి. తర్వాత పవర్ సేవ్ సెట్టింగ్స్‌లో, రెస్ట్ మోడ్‌లో ఉన్నప్పుడు నెట్‌కి కనెక్ట్ అయి ఉండమన్న టిక్కు కూడా తీయాలి. ఈ రెండోది మర్చిపోతే రాత్రి మనం పడుకున్నాక అది లేచి తన పని తాను చేసుకుంటుంది. స్విచ్ సెట్టింగ్స్‌లో ఆటో అప్‌డేట్ సాఫ్ట్‌వేర్ అన్నది ఆటలకి సంబంధించింది. అది ఆపితే సిస్టమ్ అప్‌డేట్ ఆగుతుందనుకోవద్దు.

ఇవన్నీ చేశాక కూడా మెషీన్ మాట మీద ఆధారపడకండి. బయట నుంచి కూడా అడ్డం పెట్టాలి.

నెట్ పూర్తిగా తీసేస్తే సరిపోతుంది కదా అంటారు. సరిపోతుంది, కానీ ల్యాప్‌టాప్ నుంచి ఎఫ్‌టీపీలో (ఇంటి నెట్‌వర్క్ మీదుగా ఫైళ్ళు పంపే పద్ధతి) సేవ్ ఫైళ్ళు తెచ్చుకోవడం, ఫోన్ బ్రౌజర్‌లో వెబ్‌మ్యాన్ పేజీ తెరిచి ఫ్యాన్ చూసుకోవడం కూడా పోతాయి. మనకి కావలసింది ఇంటి లోపలి నెట్‌వర్క్ ఉండాలి, బయటి ప్రపంచం ఉండకూడదు. దీనికి నాకు బాగా నచ్చిన ఉపాయం తప్పుడు గేట్‌వే. గేట్‌వే అంటే ఇంటి నెట్‌వర్క్ నుంచి బయటికి వెళ్ళే ద్వారం, మామూలుగా మన రూటరే.

పీఎస్3లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ సెట్టింగ్స్, ఇంటర్నెట్ కనెక్షన్ సెట్టింగ్స్ తెరిచి ఈజీ కాకుండా కస్టమ్ ఎంచుకోండి. ఐపీ అడ్రస్ దగ్గర మాన్యువల్ అనండి. మీ రూటర్ 192.168.1.1 అయితే, కన్సోల్‌కి 192.168.1.60 లాంటి ఎవరూ వాడని అంకె ఇవ్వండి. సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0. ఇప్పుడు డీఫాల్ట్ రూటర్ దగ్గర అసలు రూటర్ అడ్రస్ ఇవ్వకుండా 192.168.1.250 అని, ఇంట్లో ఏ వస్తువుకీ లేని అడ్రస్ ఇవ్వండి. డీఎన్ఎస్ రెండు చోట్లా అదే. జరిగేదేమిటంటే, ఇంట్లోని ల్యాప్‌టాప్‌తో మాట్లాడ్డానికి గేట్‌వే అక్కర్లేదు కాబట్టి ఎఫ్‌టీపీ నడుస్తుంది. బయటికి వెళ్ళాలంటే గేట్‌వే కావాలి, అది లేదు కాబట్టి అప్‌డేట్ సర్వర్ దొరకదు. పీఎస్4లో, స్విచ్‌లో కూడా మాన్యువల్ సెట్టింగ్ ఉంది, అప్‌డేట్ ఆపడానికి ఇదే పద్ధతి పనిచేస్తుంది. స్విచ్‌లో మాత్రం దీనితో ఎఫ్‌టీపీ కూడా ఆగిపోవచ్చు.

కానీ ఇది కన్సోల్ లోపలి సెట్టింగ్, ఎవరైనా మార్చేయొచ్చు. అందుకే రూటర్‌లో కూడా ఒక తాళం వేయండి. ఫైబర్ కనెక్షన్‌తో ఇచ్చిన రూటర్ అడుగున స్టిక్కర్ మీద అడ్రస్, పాస్‌వర్డ్ ఉంటాయి. లోపల పేరెంటల్ కంట్రోల్ అనో యాక్సెస్ కంట్రోల్ అనో ఉంటుంది, అక్కడ కన్సోల్ మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తుపట్టే నంబర్) ఇచ్చి ఇంటర్నెట్ బ్లాక్ చేయాలి. మ్యాక్ అడ్రస్ కన్సోల్ సిస్టమ్ ఇన్ఫర్మేషన్ పేజీలోనో, నెట్ సెట్టింగ్స్‌లోనో దొరుకుతుంది. వైఫైకి ఒకటి, కేబుల్‌కి ఇంకొకటి, రెండు మ్యాక్ అడ్రస్‌లు ఉంటాయి. రెండూ బ్లాక్ చేయండి. నేను మొదట వైఫైది మాత్రమే బ్లాక్ చేసి, తర్వాత కేబుల్ పెట్టుకుని, నెల రోజులు తాళం తీసిన తలుపుతో ఉన్నాను. రూటర్ మారినా, కంపెనీవాళ్ళు వచ్చి రీసెట్ చేసినా ఈ లిస్టు పోతుంది. మళ్ళీ పెట్టాలి.

ఇంకో సందు ఫోన్ హాట్‌స్పాట్. ఎప్పుడో ఒకసారి కనెక్ట్ చేసిన హాట్‌స్పాట్‌ని స్విచ్ గుర్తుపెట్టుకుంటుంది. చెల్లెలు ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి పక్కన కూర్చుంటే చాలు, దానంతట అదే అతుక్కుంటుంది. సేవ్ అయిన నెట్‌వర్క్‌లన్నీ తీసేసి, తప్పుడు గేట్‌వే పెట్టిన ఒక్కటే ఉంచండి.

అన్నీ అయ్యాక కన్సోల్‌లో ఇంటర్నెట్ టెస్ట్ నొక్కండి. ఫెయిల్ అనాలి. ఫెయిల్ అని చూసి సంతోషించే టెస్ట్ ఇదొక్కటే.

స్విచ్‌వాళ్ళకి అదనంగా ఒక మంచి సదుపాయం ఉంది. అట్మాస్‌ఫియర్‌లోనే హోస్ట్స్ ఫైల్ (ఏ సర్వర్ పేరు ఏ అడ్రస్‌కి వెళ్ళాలో రాసే జాబితా) పెట్టి నింటెండో పేరున్న సర్వర్లన్నిటినీ మెషీన్ తనకే తిప్పుకునేలా చేయొచ్చు. అసలు లోపలి సిస్టమ్‌ని శుభ్రంగా వదిలేసి, మెమరీ కార్డులో దాని నకలు పెట్టుకుని, మాడ్ అంతా ఆ నకలు మీదే నడుపుకోవడం ఇంకా మంచిది. దాన్నే ఎమ్యూఎంఎంసీ అంటారు. ఏదైనా చెడితే కార్డు చెడుతుంది, స్విచ్ చెడదు.

ముందే దిగిపోయి కూర్చున్న ఫైల్

తలుపు మూసే ముందే దొంగ లోపలికి వచ్చి ఉంటే? అప్‌డేట్ ఫైల్ డౌన్‌లోడ్ అయి, ఎక్కించమంటారా అని అడుగుతూ ఉంటే నెట్ కట్ చేసినా అది పోదు.

పీఎస్4లో నోటిఫికేషన్స్‌లోని డౌన్‌లోడ్స్‌కి వెళ్ళి, సిస్టమ్ అప్‌డేట్ మీద నిలబడి ఆప్షన్స్ బటన్ నొక్కి డిలీట్ చేయండి. ఆ తర్వాత గోల్డ్‌హెన్ నడుస్తుండగా అప్‌డేట్ బ్లాక్ చేసే పేలోడ్ (మాడ్ ద్వారా పంపే చిన్న ప్రోగ్రామ్) ఒకసారి నడపండి. అది చేసే పని చాలా తేలికైనదే కానీ తెలివైనది. అప్‌డేట్ ఫైల్ వచ్చి చేరాల్సిన చోట సరిగ్గా అదే పేరుతో ఒక ఫోల్డర్ పెడుతుంది. ఒకే పేరుతో ఫోల్డర్ ఉన్న చోట ఫైల్ రాయడం కుదరదు. కాబట్టి ఎప్పుడైనా నెట్ పొరపాటున తగిలినా డౌన్‌లోడ్ అక్కడే ఆగిపోతుంది.

స్విచ్‌లో అయితే నెట్ కట్ చేసి, హెకాటే నుంచి బూట్ చేస్తూ వాల్యూమ్ బటన్లు రెండూ నొక్కి పట్టుకోండి. మెయింటెనెన్స్ మోడ్ తెర వస్తుంది. అందులో ఏ ఆప్షనూ ఎంచుకోకుండా ఆఫ్ చేసి మళ్ళీ మామూలుగా ఆన్ చేస్తే, దిగి కూర్చున్న అప్‌డేట్ పోయి ఉంటుంది. ఆ తెర మీదే అంతా చెరిపేసే ఆప్షన్ కూడా ఉంటుంది, వేలు జాగ్రత్త.

డిస్క్, కార్డ్

ఆట డిస్క్‌లో ఆటతో పాటు అది తయారైన నాటి ఫర్మ్‌వేర్ కూడా ఉంటుంది. మీ వెర్షన్ దానికంటే పాతదైతే అప్‌డేట్ చేస్తేగానీ ఆడనివ్వనంటుంది. మీది దానికంటే కొత్తదైతే అసలు అడగదు. అంటే, పీఎస్3లో ఎప్పటిదో 3.55 కస్టమ్ ఫర్మ్‌వేర్ మీద ఉండిపోయినవాళ్ళకి డిస్క్‌తో రోజూ గండమే. 4.90 తర్వాతి కస్టమ్ ఫర్మ్‌వేర్‌కి మారినవాళ్ళని పాత ఆట డిస్క్‌లేవీ అడగవు. నా సలహా పీఎస్3 వరకు ఇదే. పాత వెర్షన్‌కి అతుక్కుపోకుండా, నమ్మకమైన కొత్త కస్టమ్ ఫర్మ్‌వేర్‌కి మారిపోండి, ఈ తలుపు దాదాపు దానంతటదే మూసుకుంటుంది. కొత్త బ్లూరే సినిమా డిస్క్ మాత్రం ఎన్‌క్రిప్షన్ కీ పాతబడిందని అప్‌డేట్ అడగొచ్చు. అలాంటి సినిమా వేరే ప్లేయర్‌లో చూసుకోండి.

పీఎస్4, స్విచ్ సంగతి వేరు. ఎర్రగడ్డ సంతలోనో, ఫ్రెండ్ దగ్గరో తెచ్చిన డిస్క్ మీద ఏ సంవత్సరం ఉందో చూడండి. మీ వెర్షన్ కంటే తర్వాతిదైతే పెట్టకండి, పెట్టినా అప్‌డేట్ అడిగినప్పుడు కాదని చెప్పి డిస్క్ బయటికి తీయండి. అడగకుండా ఎక్కించదు. ఆ ఆట మీకు లేనట్టే, ఈ దారిలో అది చెల్లించాల్సిన ధర.

ఎక్స్‌బాక్స్ 360లో మాడ్ చేసినవాళ్ళు డ్యాష్‌లాంచ్ అనే మాడ్ టూల్ సెట్టింగ్స్‌లో నోఅప్‌డేటర్ అన్నది ఆన్‌లో ఉందో లేదో ఇవాళే చూసుకోండి. ఆ మెషీన్‌లో కొన్ని అప్‌డేట్లు చిప్ లోపలి ఫ్యూజులని కాల్చేస్తాయి, కాలిన ఫ్యూజు మళ్ళీ అతకదు. బోర్డు మీద ఆర్6టీ3 అనే రెసిస్టర్ తీసేస్తే ఫ్యూజు కాల్చడానికి కరెంటే అందదు. సోల్డరింగ్ బాగా వచ్చినవాళ్ళ చేత మాత్రమే చేయించండి. నింటెండో వీ (Wii) కన్సోల్‌లో ప్రీలోడర్ అనే మాడ్ పెట్టుకుని డిస్క్ అప్‌డేట్లు, ఆన్‌లైన్ అప్‌డేట్లు రెండూ ఆపే ఆప్షన్లు ఆన్ చేస్తే చాలు. 2009 సెప్టెంబర్‌లో వచ్చిన వీ 4.2 అప్‌డేట్ బూట్ భాగాన్ని తిరగరాసి, ఏ మాడూ లేని కొన్ని మెషీన్లని కూడా బ్రిక్ చేసింది, అంటే ఇటుకలా పనికిరాకుండా చేసింది. అప్‌డేట్ అంటే మాడ్ చేసినవాళ్ళకే ప్రమాదం అనుకునేవాళ్ళకి ఈ సంగతి చెప్పండి.

మనుషులు

మా మేనల్లుడు ఎండాకాలం సెలవులకి వచ్చినప్పుడు, "మామయ్యా, ఏదో అడిగింది, ఎస్ కొట్టాను" అన్నాడొకసారి. గుండె ఆగినంత పనైంది. తప్పుడు గేట్‌వే ఉంది కాబట్టి ఏమీ జరగలేదు. తర్వాత వాడిని పక్కన కూర్చోబెట్టుకుని అప్‌డేట్ తెర ఎలా ఉంటుందో ఫోటో చూపించి, అది కనిపిస్తే సర్కిల్ నొక్కి నన్ను పిలవమని చెప్పాను. తొమ్మిదేళ్ళ పిల్లాడికి వద్దు అని చెప్తే సరిపోదు, ఏం నొక్కాలో చెప్పాలి.

రిపేరు షాపు గురించి మొదట్లోనే చెప్పాను. అసలు వాళ్ళు ఫర్మ్‌వేర్ ఎందుకు ముట్టుకుంటారంటే, కొత్త హార్డ్ డిస్క్ వేయగానే పీఎస్4, చాలా పీఎస్3 మోడళ్ళు సిస్టమ్ సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఎక్కించమని అడుగుతాయి. షాపులో ఉన్న పెన్‌డ్రైవ్‌లో కొత్త అఫీషియల్ ఫైలే ఉంటుంది. కాబట్టి సరైన ఫైల్ మీరే ఇవ్వాలి. పీఎస్3కి మీరు వాడుతున్న కస్టమ్ ఫర్మ్‌వేర్ ఫైల్. పీఎస్4కి మీ మెషీన్‌లో ఉన్న సరిగ్గా అదే వెర్షన్ తాలూకు రీఇన్‌స్టాల్ ఫైల్. మామూలు అప్‌డేట్ ఫైల్ 500 ఎంబీ లోపు ఉంటుంది, రీఇన్‌స్టాల్ ఫైల్ దానికి రెట్టింపు, ఒక జీబీకి అటూ ఇటూ. చిన్నది ఇస్తే కొత్త డిస్క్ మీద ఎక్కదు, అప్పుడు షాపువాళ్ళు విసుగొచ్చి తమ దగ్గరున్నది వేసేస్తారు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, ఫోల్డర్ పేర్లు పెద్ద అక్షరాల్లో పెట్టి, ఇవాళే తయారు చేసి కన్సోల్ డబ్బాలో వేసి ఉంచండి. డిస్క్ పోయాక వెతుక్కుంటే టైముకి పాత ఫైల్ దొరకదు.

కన్సోల్ మీద ఒక కాగితం అతికించండి. నా దాని మీద ఇలా ఉంది: "అప్‌డేట్ చేయవద్దు. సాఫ్ట్‌వేర్ ఎక్కించాల్సి వస్తే ఇందులో ఉన్న పెన్‌డ్రైవ్‌లోది మాత్రమే. అనుమానం ఉంటే ముందు ఫోన్ చేయండి." కింద నంబరు. సికింద్రాబాద్ సీటీసీలోనైనా, కోఠి గుజరాతీ గల్లీలోనైనా, ఏ షాపులో ఇచ్చినా నోటితో చెప్పి ఊరుకోకండి. మీరు చెప్పింది కౌంటర్ దగ్గర మనిషికి, పని చేసేది లోపల టేబుల్ దగ్గర ఇంకొకరు.

మీరే కావాలని అప్‌డేట్ చేయాల్సి వస్తే

ఎప్పటికీ పాత వెర్షన్‌లో ఉండక్కర్లేదు. అఫీషియల్ వెర్షన్ వచ్చిన రోజు ఏమీ చేయకండి. దానికి సరిపోయే కస్టమ్ ఫర్మ్‌వేర్ వచ్చి, నాలుగు వారాలు వాడినవాళ్ళు బాగుందన్నాక కదలండి. స్విచ్‌లో ముందు అట్మాస్‌ఫియర్, హెకాటే కొత్తవి కార్డులో పెట్టి, తర్వాతే సిస్టమ్. వరస తిరగబడితే నల్ల తెర. డౌన్‌లోడ్ చేసిన ఫైల్ ఎండీ5 పోల్చకుండా ఎక్కించకండి.

అప్‌డేట్లు ఆపడంలో నష్టం కూడా ఉంది, అది దాచను. భద్రతా లోపాలు అలాగే ఉంటాయి. మాడ్ చేసిన కన్సోల్ బ్రౌజర్‌లో బ్యాంకు వివరాలు, కార్డు నంబరు ఎప్పుడూ ఇవ్వకండి. ఆన్‌లైన్ ఆటల అకౌంట్‌తో లాగిన్ అయితే మెషీన్ బ్యాన్ అయ్యే అవకాశం ఉంది కాబట్టి ఆన్‌లైన్‌కి వేరే మెషీన్ ఉంచుకోవడమే మేలు.

ఈపాటికే అప్‌డేట్ మొదలైపోతే

తెర మీద ఏముందో ముందు చదవండి. డౌన్‌లోడ్ అవుతోందంటే ఇంకా టైముంది. రూటర్ స్విచ్ ఆపేయండి, డౌన్‌లోడ్ క్యాన్సిల్ చేయండి, సగం దిగిన ఫైల్ పైన చెప్పినట్టు తీసేయండి. ఇన్‌స్టాల్ అవుతోందని, ఆఫ్ చేయవద్దని కనిపిస్తోందంటే చేతులు వెనక్కి పెట్టుకోండి. ఆ స్థితిలో ప్లగ్ లాగితే మాడ్ మాత్రమే కాదు, మెషీనే పోతుంది. మాడ్ పోయిన మెషీన్‌తో కనీసం డిస్క్ ఆటలు ఆడుకోవచ్చు.

పూర్తయ్యాక సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో వెర్షన్ రాసుకోండి, వెనక స్టిక్కర్ మీద మోడల్ నంబర్ రాసుకోండి. పీఎస్3 ఫ్యాట్, లేదా కస్టమ్ ఫర్మ్‌వేర్ ఎక్కే స్లిమ్ అయితే మళ్ళీ తెచ్చుకునే దారి ఉంది, తీసి పెట్టుకున్న ఫ్లాష్ డంప్ అక్కడ పనికొస్తుంది. 3000 సిరీస్, సూపర్ స్లిమ్ అయితే ఆ వెర్షన్‌కి సరిపోయే హైబ్రిడ్ ఫర్మ్‌వేర్ (హెన్ ఎక్కడానికి వీలుగా కొద్దిగా మార్చిన అఫీషియల్ వెర్షన్), హెన్ వచ్చాయో లేదో చూసి మళ్ళీ పెట్టుకోవచ్చు. స్విచ్ అయితే కొత్త అట్మాస్‌ఫియర్ కోసం కొన్ని రోజులు ఆగండి. పీఎస్4 అయితే ఆ వెర్షన్ నంబరు కాగితం మీద రాసి కన్సోల్‌కి అతికించి, ఇక అక్కడి నుంచి ఒక్క అడుగు కూడా ముందుకి కదలనివ్వకుండా, ఈ పనులన్నీ మొదటి నుంచి ఆ వెర్షన్ మీదే చేయండి. 9.00 దాటిపోయిందని బాధపడ్డవాళ్ళకి 2024లో 11.00 దాకా దారి తెరుచుకుంది. అప్పుడు లాభపడింది మధ్యలో ఇంకో అప్‌డేట్ పడనివ్వకుండా ఆగినవాళ్ళే.